ఆకాశానికి కుడి ఎడమల తేడా ఉందా? హన్మకొండలో లాప్‌టాప్ ముందు కూర్చుని వెతికే పద్ధతి

ఖిలా వరంగల్‌కి పోయినవాళ్లు కీర్తి తోరణం ముందు సెల్ఫీ దిగకుండా రారు. ఫోన్ ముందు కెమెరాలో బొమ్మ కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుంది. తోరణాన్ని మాత్రమే చూస్తే ఆ సంగతి పట్టుకోలేం. అటు ఎలా చెక్కారో ఇటూ అలాగే చెక్కారు, అటు హంస ఉంటే ఇటూ హంస. వెనకాల తెలుగు బోర్డేదైనా పడితే అప్పుడు దొరికిపోతుంది, అక్షరాలు తిరగబడి ఉంటాయి కాబట్టి.

మనకు అందే వెలుతురులో అన్నిటికన్నా పాతది సీఎంబీ, అంటే విశ్వ సూక్ష్మతరంగ నేపథ్య వికిరణం. విశ్వానికి సుమారు 3,80,000 ఏళ్ల వయసున్నప్పుడు బయల్దేరింది. అది తోరణం లాంటిదా, బోర్డు లాంటిదా? అద్దంలో తిప్పి చూస్తే తేడా తెలుస్తుందా? భౌతికశాస్త్రంలో దీన్ని ప్యారిటీ ప్రశ్న అంటారు. ప్రకృతి అద్దానికి లొంగుతుందని 1956 దాకా అందరూ నమ్మారు. ఆ ఏడు లీ, యాంగ్ ఇద్దరూ అనుమానం లేవనెత్తారు, చియెన్-షియుంగ్ వూ కోబాల్ట్-60తో ప్రయోగం చేసి బలహీన బలం అద్దానికి లొంగదని చూపించింది. 1957లోనే లీ, యాంగ్‌లకు నోబెల్ వచ్చింది. వూకి రాలేదు, దాని మీద నాకు ఇప్పటికీ కోపమే.

పరమాణువుల సంగతి అలా తేలింది. విశ్వమంతా పరుచుకున్న ఏదో క్షేత్రం కూడా అలాగే ఒక చేతివాటం చూపిస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఆక్సియాన్ (ఉండొచ్చని ఊహిస్తున్న, ఇంకా దొరకని కణం) లాంటి క్షేత్రమేదైనా ఉంటే, దాంట్లోంచి నడిచొచ్చే వెలుతురు ధ్రువణ దిశ, అంటే ఆ తరంగం ఊగే దిక్కు, దారి పొడవునా కొంచెం కొంచెం తిరుగుతుందని 1990లో కారల్, ఫీల్డ్, జాకివ్ లెక్క కట్టారు. ఆ తిరుగుడును సీఎంబీలో వెతకొచ్చని 1999లో లూ, వాంగ్, కమియోన్‌కోవ్‌స్కీ చెప్పారు. సొంత టెలిస్కోపు అక్కర్లేదు, డేటా ఉచితం. కావలసింది ఓపిక, 16 జీబీ మెమరీ ఉన్న లాప్‌టాప్, కాస్త పైథాన్. నేను ఆదివారాలు నలుగురైదుగురు ఎమ్మెస్సీ పిల్లలతో ఇంట్లో చేసిన క్రమాన్నే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి అడుగు: బండిచక్రం, గిరక

కంప్యూటర్ తెరవకముందు సుద్దముక్క పట్టుకోండి. నేల మీద ఒక చుక్క పెట్టి, దాని చుట్టూ చిన్న చిన్న గీతలు గీయండి. ఒక్కో గీత ఆ చోట వెలుతురు ధ్రువణ దిశ అనుకోండి. గీతలన్నీ చుక్కవైపు చూస్తుంటే ఎడ్లబండి చక్రం ఆకుల్లా ఉంటాయి. చుక్క చుట్టూ తిరుగుతుంటే చక్రం పట్టాలా ఉంటాయి. ఈ రెండు రకాలనూ ఈ-మోడ్ అంటారు. ఇప్పుడు ప్రతి గీతనూ ఆకు దిశ నుంచి 45 డిగ్రీలు ఒకే పక్కకు వంచి గీయండి, కాగితపు గిరకలా వస్తుంది. అది బీ-మోడ్. ముగ్గు పక్కన అద్దం నిలబెట్టి చూడండి. బండిచక్రం అద్దంలోనూ బండిచక్రమే. గిరక మాత్రం ఎదురు దిక్కుకు తిరిగేదైపోతుంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. బీ కనబడితే చాలు, ప్యారిటీ పోయినట్టే అనుకుంటారు. కాదు. ఒక ముగ్గులో కుడి గిరకలు ఎన్ని ఉన్నాయో ఎడమ గిరకలూ అన్నే ఉంటే ఎవరి వాటమూ గెలవలేదు. గెలాక్సీల గురుత్వం దారిలో వెలుతురును వంచినప్పుడు పుట్టే బీ-మోడ్లు అలాంటివే, వాటిని 2013లో దక్షిణ ధ్రువం దగ్గరి టెలిస్కోపుతో పట్టుకున్నారు. వాటి వల్ల ప్యారిటీకి ఏమీ కాలేదు.

చూడవలసింది ఈ, బీల జంటను. అద్దంలో ఈ మారదు, బీ గుర్తు మారుతుంది, కాబట్టి ఈ, బీల లబ్ధం గుర్తు కూడా మారుతుంది. ఆకాశమంతా తిరిగి సగటు తీస్తే ఆ లబ్ధం సున్నా రావాలి. రాకపోతే ఆకాశం ఒక చేతివాటం ఎంచుకున్నట్టే. ఉష్ణోగ్రతకూ బీకీ మధ్య సంబంధం, అంటే టీబీ, కూడా ఇలాంటిదే. కానీ ఉష్ణోగ్రత హెచ్చుతగ్గులు చాలా పెద్దవి, వాటి గోలలో చిన్న సంకేతం మునిగిపోతుంది. అందుకే అసలు పని ఈ, బీల లబ్ధమైన ఈబీతోనే. ఇదే లెక్కన ఈని ఈతోనే గుణిస్తే ఈఈ, బీని బీతోనే గుణిస్తే బీబీ.

ఇప్పుడు ప్రతి గీతనూ ఒకే చిన్న కోణం తిప్పామనుకోండి. దానికి బీటా అని పేరు. బండిచక్రం కొంచెం గిరకగా మారుతుంది. ఈలోంచే కొంత బీ పుట్టింది కాబట్టి రెంటికీ చుట్టరికం కలుస్తుంది. సూత్రం ఇది:

ఈబీ = ½ × సైన్(4 × బీటా) × (ఈఈ − బీబీ)

బీటా 0.3 డిగ్రీలైతే సైన్ 1.2 డిగ్రీలు 0.021, దాంట్లో సగం 0.0105. అంటే ఈఈలో నూటికి ఒక వంతు. మల్టీపోల్ (ఆకాశాన్ని ఎంత సన్నని ముక్కల్లో చూస్తున్నామో చెప్పే అంకె, అది పెద్దదైతే ముక్క చిన్నది) 1000 దగ్గర ఈఈ సుమారు 40 మైక్రోకెల్విన్ వర్గాలుంటుంది, అక్కడ ఈబీ 0.4. గోడ గడియారంలో నిమిషాల ముల్లు మూడు సెకన్లలో జరిగేంత కోణం అది. 1380 కోట్ల ఏళ్లు నడిచొచ్చిన వెలుతురు మొత్తం దారిలో తిరిగింది అంతే, తిరిగి ఉంటే.

రెండో అడుగు: ముందు దొంగ ఆకాశం

అసలు డేటా జోలికి ఇప్పుడే పోవద్దు. పిల్లలందరికీ ఇక్కడే తొందర. జవాబు తెలిసిన ఆకాశాన్ని మీరే తయారు చేసి, అందులో మీ పద్ధతి పనిచేస్తుందో లేదో చూసుకోండి.

క్యాంబ్ అనే ప్రోగ్రామ్ నుంచి టీటీ, ఈఈ, బీబీ, టీఈ వర్ణపటాలు, అంటే ఒక్కో మల్టీపోల్ దగ్గర ఆ లబ్ధాల విలువలు, వస్తాయి. హీల్‌పై అనే పైథాన్ లైబ్రరీకి అవి ఇస్తే ఆకాశపటం గీసి పెడుతుంది. మొదటిసారి ఎన్‌సైడ్ 512 చాలు, అంటే 31,45,728 గడులు. మల్టీపోల్ 1000 దాకా లెక్కించండి. తర్వాత క్యూ, యూ పటాలను (ఒక్కో గడిలో ధ్రువణాన్ని చెప్పే రెండు అంకెల పటాలవి) మీకు నచ్చిన కోణంతో తిప్పండి:

కొత్త క్యూ = క్యూ × కాస్(2 × బీటా) − యూ × సైన్(2 × బీటా)
కొత్త యూ = క్యూ × సైన్(2 × బీటా) + యూ × కాస్(2 × బీటా)

తిప్పిన పటం నుంచి వర్ణపటాలు తీసి, పై సూత్రంతో బీటా వెనక్కి లాగండి. ముందు 1 డిగ్రీ, తర్వాత 0.3, ఆ తర్వాత సున్నా. నాయిస్ (పరికరం సొంత గోల) కలపని పటంలో దశాంశం తర్వాత రెండో అంకె దాకా సరిపోవాలి. సరిపోకపోతే తప్పు ఈ మూడింటిలో ఒకటై ఉంటుంది. ఒకటి, క్యాంబ్ మామూలుగా వర్ణపటాన్ని ఎల్(ఎల్+1)/2పై తో (ఎల్ అంటే మల్టీపోల్) గుణించి ఇస్తుంది, హీల్‌పైకి గుణించనిది కావాలి. రెండు, వర్ణపటాల వరస. హీల్‌పైలో పాత వరస, కొత్త వరస అని రెండున్నాయి, కొత్తదాన్ని అడగకపోతే ఈఈ ఉండాల్సిన చోట టీఈ కూర్చుంటుంది. మూడు, డిగ్రీలను రేడియన్లు చేయడం మరిచిపోవడం. నవ్వకండి, మా గుంపులో అందరం కనీసం ఒకసారి చేశాం.

పటాలను వరసగా వంద తయారు చేయించేటప్పుడు ఒక్కోటి పూర్తి కాగానే డిస్కులో దాచేలా రాయండి. ఎండాకాలం మధ్యాహ్నం ఎనభై ఏడో పటం దగ్గర కరెంటు పోయింది, లాప్‌టాప్ బ్యాటరీ అప్పటికే చచ్చి ఉంది. మళ్లీ ఒకటి నుంచి.

మూడో అడుగు: డేటా, యూ గుర్తు గొడవ

ప్లాంక్ ఉపగ్రహం 2009లో పైకి వెళ్లింది. దాని పటాలు యూరప్ అంతరిక్ష సంస్థ ఆర్కైవ్‌లో ఎవరైనా దించుకోవచ్చు. మీకు కావలసింది నాలుగో విడుదల, ఎన్‌పైప్ అని కూడా అంటారు. 100, 143, 217, 353 గిగాహెర్ట్జ్ పటాలు తీసుకోండి. ఒక్కో తరచుదనానికి (ఫ్రీక్వెన్సీకి) ఏ, బీ అని రెండు భాగాలుంటాయి, బీ-మోడ్‌తో ఆ పేరుకు సంబంధం లేదు. డిటెక్టర్లను రెండు గుంపులు చేసి విడివిడిగా గీసిన పటాలవి. వాటిని తప్పకుండా తీసుకోండి, ఎందుకో కింద వస్తుంది. ఎన్‌సైడ్ 2048 పటంలో 5,03,31,648 గడులుంటాయి. టీ, క్యూ, యూ మూడూ కలిస్తే ఒక్కో పటం 600 మెగాబైట్లు దాటుతుంది. రాత్రి పెట్టి పడుకోండి.

పటాల్లో అంకెలు కెల్విన్లలో ఉంటాయి, మైక్రోకెల్విన్లలో కాదు. పటాన్ని చిన్నది చేయాలనుకుంటే గడులను ఊరికే సగటు చేయొద్దు, ఎందుకంటే పక్క పక్క గడుల్లో క్యూ, యూల దిశలు ఒకటి కావు, ముఖ్యంగా ధ్రువాల దగ్గర. గోళీయ గుణకాలలోకి మార్చి, అక్కడ కత్తిరించి, మళ్లీ పటం చేయండి.

ఇక యూ గుర్తు. ధ్రువణ కోణాన్ని కొలిచే ఆచారాలు రెండున్నాయి. ఖగోళ శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘం పద్ధతిలో, ఆకాశం వైపు చూస్తూ, కోణం ఉత్తరం నుంచి తూర్పుకు పెరుగుతుంది, అంటే గడియారానికి ఎదురుగా. హీల్‌పిక్స్, అంటే హీల్‌పై వాడే గడుల పద్ధతిలో, గడియారం వెంబడి పెరుగుతుంది. ఒకదాంట్లో యూ ప్లస్ అయితే రెండోదాంట్లో మైనస్. ప్లాంక్ హీల్‌పిక్స్ పద్ధతి వాడుతుంది. అందరూ వాడరు.

ఒక భూతల ప్రయోగం పటం తెచ్చుకుని, ఫైల్ తలభాగంలో రాసున్న ఆచారం పేరు చదవకుండా నేరుగా హీల్‌పైలో వేశాను. బీబీ ఈఈ అంత ఎత్తున లేచింది. ఆ సాయంత్రం భద్రకాళి చెరువు గట్టు మీద నడుస్తూ పెద్ద సంగతే పట్టుకున్నానేమో అని లోలోపల మురిసిపోయాను కూడా. మర్నాడు ఒక అమ్మాయి తలభాగం తెరిచి, "సార్, యూ గుర్తు మార్చి చూద్దామా" అంది. మార్చాం. బీబీ నేలకు పడిపోయింది. యూ గుర్తు తప్పితే గడులు ఉన్నచోటే ఉండి గీతలు మాత్రమే అద్దంలోకి పోతాయి, ఈ, బీ రెండూ కలగాపులగమైపోతాయి. కాబట్టి ఏ కొత్త పటమైనా ముందు బీబీ గీయండి. అది ఈఈ కన్నా చాలా కింద లేకపోతే ఆగిపోండి.

నాలుగో అడుగు: మాస్కు, వర్ణపటాలు

దీన్ని త్వరగా దాటేద్దాం. బాగా వెలిగే ధ్రువణ బిందువులనూ, కార్బన్ మోనాక్సైడ్ దట్టంగా ఉన్న చోట్లనూ మూసేయండి. ఆ వాయువు గీతలు 115, 230, 345 గిగాహెర్ట్జ్ దగ్గర పడి 100, 217, 353 పటాల్లోకి చొరబడతాయి. మాస్కు అంచులను మెత్తగా దిగేలా చేయండి. కోసినట్టు ఉంటే ఈలోంచి బీలోకి కారుతుంది. నామాస్టర్ అనే లైబ్రరీ మాస్కు వల్ల వచ్చే కలగలుపును విడదీస్తుంది. మల్టీపోల్ 51 కన్నా కింద వదిలేయండి, 1490 దాకా పోండి, ఇరవై ఇరవై చొప్పున కట్టలు కట్టండి. మొత్తం 72 కట్టలొస్తాయి. ఎప్పుడూ ఒక భాగం ఈని ఇంకో భాగం బీతోనే గుణించండి. ఒకే పటాన్ని దానితోనే గుణిస్తే దాని నాయిస్ కూడా దానితోనే గుణించుకుని లెక్కలో కూర్చుంటుంది. ఏ, బీ భాగాలు దించుకోమన్నది ఇందుకే.

పాలపుంతను మాత్రం పూర్తిగా మూయొద్దు. సీఎంబీ పనిచేసేవాళ్లంతా మసి అని తుడిచేసే పాలపుంత ధూళి వెలుతురే మనకు తూకపురాయి.

అయిదో అడుగు: మన తప్పా, ఆకాశం తప్పా

ఈ పనిలో సగం కష్టం ఇక్కడుంది, తక్కినదంతా గుమాస్తా పని. 143 గిగాహెర్ట్జ్ పటం నుంచి ఈబీ తీస్తే ఒక కోణం వస్తుంది. మా ఇంట్లో మొదటిసారి అది వచ్చినప్పుడు పరకాల నుంచి వచ్చే కుర్రాడు అడిగిన మాట ఇదీ: "సార్, గిది మన తప్పా, ఆకాశం తప్పా?"

దీనికంటే మంచి ప్రశ్న ఈ విషయంలో లేదు. డిటెక్టర్ ఎటు చూస్తోందని మనం అనుకుంటున్నామో దానికన్నా అది అర డిగ్రీ పక్కకు బిగించి ఉంటే, ఆకాశం తిరిగినట్టే కనిపిస్తుంది. ఆ బిగింపు తప్పుకు ఆల్ఫా అని పేరు. సీఎంబీ మాత్రమే చూస్తే మనకు దొరికేది ఆల్ఫా, బీటాల మొత్తం. దేని వాటా ఎంతో తెలియదు. గోడకున్న క్యాలెండర్ వంకరగా కనిపిస్తే మేకు తప్పా, గోడే వంకరా అని క్యాలెండర్‌ను చూస్తూ తేల్చలేం. మేస్త్రీ వచ్చి దారానికి గుండు కట్టి వేలాడదీస్తాడు.

కొన్ని ప్రయోగాలు ఈబీ సున్నా అని ముందే ఒప్పుకుని, దాన్నిబట్టి డిటెక్టర్ కోణం సరిచేసుకుంటాయి. వాళ్ల పనికి అది చాలు. మన పనికి అది దొంగ చేతికే తాళం ఇవ్వడం. ఇంకో దారి, పేలిపోయిన నక్షత్రం శిథిలమైన క్రాబ్ నెబ్యులా. దాని ధ్రువణ దిశ తెలుసు కాబట్టి దాన్ని చూసి సరిచేసుకోవచ్చు, కానీ అంత సన్నని కోణానికి ఆ తెలుసుకున్నది చాలదు. 2016లో ప్లాంక్ బృందం 0.31 డిగ్రీలు కొలిచి, గణాంకపు పొరపాటు 0.05 అని, పరికరం వల్ల పొరపాటు 0.28 అని రాసింది. గణాంకం గట్టిగానే ఉంది, గుండు దారమే ఊగుతోంది.

గట్టి దారాన్ని శాస్త్రజ్ఞులు మినామి, కొమాత్సు, వాళ్ల సహచరులు 2019 నుంచి ముందుకు తెచ్చారు. వాళ్ల తర్కం చాలా సులువు. సీఎంబీ వెలుతురు విశ్వమంత దూరం నడిచింది. మన పాలపుంత ధూళి వెలుతురు పక్కింటి నుంచి వచ్చింది, దానికి తిరగడానికి దారే లేదు. కాబట్టి ధూళి గీతలు ఆల్ఫా మేరకే వంగుతాయి. సీఎంబీ గీతలు ఆల్ఫా, బీటా కలిపి వంగుతాయి. ఒకే పటంలో రెండూ ఉన్నాయి కాబట్టి తేడా తీయొచ్చు. కోణాలు చిన్నవైతే, రేడియన్లలో:

కొలిచిన ఈబీ ≈ 2 × ఆల్ఫా × (కొలిచిన ఈఈ − బీబీ) + 2 × బీటా × (సిద్ధాంతం చెప్పే సీఎంబీ ఈఈ − బీబీ)

కొలిచిన ఈఈలో ధూళీ సీఎంబీ రెండూ ఉంటాయి, సిద్ధాంతం ఈఈలో సీఎంబీ ఒక్కటే. ఈ రెండు నిలువు వరసల ఆకారాలు వేరు కాబట్టి ఆల్ఫా, బీటా విడిపోతాయి. ధూళికి ఈఈ, బీబీ సమానమైతే ఈ ఉపాయం పారేది కాదు. అదృష్టం కొద్దీ ధూళి బీబీ దాని ఈఈలో సుమారు సగమే.

ఒక ఉచ్చు చెబుతాను. 353లో ధూళి ఎక్కువ కాబట్టి అక్కడ ఆల్ఫా కొలిచి, దాన్ని 143 నుంచి తీసేస్తే సరిపోదా అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. సరిపోదు. 353 డిటెక్టర్లు వేరు, 143 డిటెక్టర్లు వేరు, ఎవరి బిగింపు వాళ్లది. బీటా అందరికీ ఒకటే, ఆల్ఫాలు విడివిడి. మరి 143లో ధూళి తక్కువ కదా, దాని ఆల్ఫా ఎలా పట్టుకోవడం? 353 ఈని 143 బీతో గుణించండి. 353 ఈలో ధూళి బొమ్మ దట్టంగా ఉంది. 143 పటంలో అదే ధూళి బొమ్మ పలచగా ఉన్నా, 353 దాన్ని వేలు పట్టుకుని వెతికి చూపిస్తుంది. ఆ ధూళి 143లో ఎంత వంగిందో అదే 143 ఆల్ఫా. ఇంటి దగ్గర చేసినప్పుడు ఈ అడ్డ గుణకారాలు కలపకముందు బీటా పొరపాటు గీత కాగితం బయటికి పోయింది, కలిపాక లోపలికి వచ్చింది.

ఆరో అడుగు: అమర్చడం

నాలుగు తరచుదనాలు, రెండేసి భాగాలు, ఎనిమిది ఆల్ఫాలు, ఒక బీటా. తెలియనివి తొమ్మిది. ఎనిమిది పటాల ఈలను మిగతా ఏడింటి బీలతో గుణిస్తే 56 ఈబీ వర్ణపటాలొస్తాయి, ఒక్కోదాంట్లో 72 కట్టలు. మొదట 143, 353 రెంటితోనే, కనిష్ఠ వర్గాల పద్ధతిలో చేయండి. అది నిలబడ్డాక మిగతావి కలపండి. వేర్వేరు పటాలను గుణించినప్పుడు పై సూత్రంలోని ఒక్క ఆల్ఫా బదులు రెండు పటాల ఆల్ఫాలూ వస్తాయి. ఈఈ, బీబీలను వాటితో ఒక చిన్న మాత్రికగా రాసుకుంటే గందరగోళం ఉండదు. కట్టల మధ్య సహవిచలనాన్ని కొలిచిన వర్ణపటాల నుంచే కట్టండి. సిద్ధాంతపు వర్ణపటానికి టెలిస్కోపు చూపు మసకను, గడి వెడల్పును కలపడం మరవొద్దు. మరిస్తే పెద్ద మల్టీపోల్స్ దగ్గర బీటా అబద్ధం చెబుతుంది.

ఏడో అడుగు: మీ జవాబును మీరే కొట్టండి

బీటా వచ్చింది. ఎవరికీ ఫోన్ చేయొద్దు.

మొదటి అనుమానం ధూళి మీదే. అది పక్కింటి వెలుతురే, కానీ దానికి సొంత గిరకలు లేవని ఎవరు చెప్పారు? ధూళి పోగులు అయస్కాంత క్షేత్రానికి సరిగ్గా సమాంతరంగా లేకుండా, ఎక్కువగా ఒకే పక్కకు వాలి ఉంటే, ధూళికే సొంత ఈబీ వస్తుంది. ప్లాంక్ ధూళి పటాల్లో టీబీ సున్నా కాకుండా ప్లస్ వైపు కనిపించింది కాబట్టి ఈ అనుమానం గాలిలోది కాదు. మాస్కును మెల్లగా పెద్దది చేస్తూ బీటా మళ్లీ మళ్లీ తీయండి. అది కదిలితే ధూళి మాట్లాడుతున్నట్టు. నాలుగో విడుదల పటాలతో 2022లో పనిచేసిన బృందానికి సరిగ్గా ఇదే ఎదురైంది. దాదాపు ఆకాశమంతా తీసుకుంటే 0.30, పొరపాటు 0.11. మాస్కు పెంచిన కొద్దీ విలువ తగ్గింది. ధూళి ఈబీకి రెండు రకాల నమూనాలు వేసి సరిచేశారు, అయినా ధూళి సంగతి ఇంకా బాగా తెలిసేదాకా ఈ అంకెకు విశ్వ ప్రాముఖ్యం ఇవ్వబోమని వాళ్లే రాశారు. ఆ వాక్యం రాయగలిగినందుకు నాకు వాళ్ల మీద గౌరవం.

రెండో పరీక్ష తరచుదనం. దారిలో అయస్కాంత క్షేత్రాలు, ఎలక్ట్రాన్లు కలిసి గీతలను తిప్పితే, అంటే ఫారడే భ్రమణమైతే, తిరుగుడు తరచుదనం వర్గానికి విలోమంగా తగ్గాలి, ఘాతం మైనస్ 2. ఎస్కిల్ట్ అనే పరిశోధకుడు 2022లో ప్లాంక్ తరచుదనాలన్నీ కలిపి చూస్తే ఘాతం మైనస్ 0.35 వచ్చింది, పొరపాటు అటూ ఇటూ సుమారు 0.48. సున్నాతో పొసుగుతుంది, మైనస్ 2తో పొసగదు. మీరూ తరచుదనం వారీగా బీటాలు విడదీసి గీయండి.

తర్వాత మల్టీపోల్ పరిధిని రెండు ముక్కలు చేసి చూడండి, ఏ భాగాలతో ఒకసారి, బీ భాగాలతో ఒకసారి తీయండి. బీటా సున్నా పెట్టిన దొంగ ఆకాశాలు వందను ఇదే లెక్కల వరసలోంచి పంపించి, ఎన్నిటిలో మీ అంకె అంత పెద్దది వచ్చిందో లెక్కపెట్టండి.

మీ అంకెను పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఇతరులవి ఇవీ. 2020లో మినామి, కొమాత్సు మూడో విడుదల పటాలతో 0.35, పొరపాటు 0.14. 2022లో ఎస్కిల్ట్, కొమాత్సు ప్లాంక్ పటాలకు నాసా డబ్ల్యూమ్యాప్ ఉపగ్రహం పటాలను కలిపి 0.342, పొరపాటు సుమారు 0.09, అంటే 3.6 సిగ్మా (విలువ పొరపాటుకు ఎన్ని రెట్లో ఆ లెక్క). 2025లో డియెగో-పలజుయెలోస్, కొమాత్సు చిలీలోని అటకామా టెలిస్కోపు ఆరో విడుదలతో 0.215, పొరపాటు 0.074, అంటే 2.9 సిగ్మా. నాకు ఈ చివరిది ముఖ్యం. అక్కడ ఆల్ఫాను ధూళితో పట్టుకోలేదు, టెలిస్కోపు కటకాల నమూనాతో కట్టారు. దారాలు వేరు, గుండ్లు వేరు, వాలు మాత్రం ఒకే పక్కకు. అయినా నేను తరగతిలో దీన్ని కనుగొన్న సంగతిగా చెప్పను, ఈ రంగంలో 5 సిగ్మా దాటనిదానికి ఆ మాట వాడరు. చిలీలోనే సైమన్స్ అబ్జర్వేటరీ పనిచేస్తోంది, జపాన్ లైట్‌బర్డ్ ఉపగ్రహం తలపెట్టింది. తొలి నక్షత్రాల కాలంలో చెదిరిన వెలుతురు మల్టీపోల్ 10 కన్నా కింద కనిపిస్తుంది. దాని తిరుగుడును, అంతకుముందు బయల్దేరిన వెలుతురు తిరుగుడుతో పోల్చితే ఆ క్షేత్రం ఎప్పుడు కదిలిందో తెలుస్తుంది. అది లాప్‌టాప్ పని కాదు.

చివరగా ఒకటి చేయండి, కళ్లకు గంతలు కట్టుకుని చేసే పరీక్ష. మీరు కాకుండా ఇంకొకరు నాయిస్, ధూళి, ఆల్ఫాలు అన్నీ కలిపిన దొంగ పటాలు తయారు చేయాలి. అందులో పెట్టిన బీటాను కాగితం మీద రాసి కవర్లో అంటించి ఇవ్వాలి. మీరు అమర్చి, పొరపాటు గీతతో సహా జవాబు రాసి, సంతకం పెట్టాకే కవరు విప్పాలి. మాకు యూ గుర్తు చెప్పిన అమ్మాయే కవరు తయారు చేసింది. ఎనిమిది పటాలు, పది రోజులు. బోర్డు మీద నా జవాబు రాశాను: 0.17, పొరపాటు 0.11. కుర్రాళ్లు ముగ్గురూ ఒకరి జవాబు ఒకరు చూడకుండా చేసి 0.16, 0.17, 0.19 అన్నారు. అందరం ఒకే చోటికి వచ్చాం కాబట్టి అంకె మీద ధీమాగా ఉన్నాం. అమ్మాయి కవరు చించి కాగితం బోర్డు పక్కన పెట్టింది. దాని మీద సున్నా రాసి ఉంది.